రేపు తెలియదు కాబట్టే పదేళ్ల దారి ముందే అనుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను బాబూ. మీకు 28 ఏళ్లు. మెకానికల్ బీటెక్ చేశారు. పగలు విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి లారీ స్పేర్‌పార్ట్స్ షాపు, రాత్రి గ్రూప్-2 పుస్తకాలు. హైదరాబాద్‌లో ఉన్న మీ పెదనాన్నగారబ్బాయి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరిపొమ్మంటున్నాడు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. సింగ్‌నగర్‌లో మీ ఇంట్లోకి బుడమేరు వాగు నీళ్లు వచ్చాయి. "అమరావతి ఆగడం చూశాం, కరోనా చూశాం, వరద చూశాం. రేపేమవుతుందో తెలియనప్పుడు పదేళ్లకు ప్రణాళిక వేసుకోవడం దండగ కాదా? రాసిపెట్టిందే జరుగుతుందని నాన్న అంటారు, ఆయన మాటే నిజమనిపిస్తోంది" అని అడిగారు.

దండగ కాదు. నేను గుంటూరు, విజయవాడ బ్రాంచీల్లో బ్యాంకు అధికారిగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లకూ, మిర్చి రైతులకూ, పిల్లల చదువులకు అప్పు కోసం వచ్చే తల్లిదండ్రులకూ ఎదురుగా కూర్చుని బతుకంతా గడిపాను. ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్లని ఏళ్ల తరబడి చూశాక కుదిరిన నమ్మకంతో చెబుతున్నాను.

ముందు వరద సంగతే మాట్లాడుకుందాం. మీకు నష్టం జరిగిన విషయం కాబట్టి జాగ్రత్తగానే చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 2009 అక్టోబరులో వచ్చింది సుమారు 11.10 లక్షలు. అప్పుడు ఏటి ఒడ్డునున్న కృష్ణలంక పేట మునిగింది. అంతకన్నా ఎక్కువ నీరొచ్చిన 2024లో కృష్ణలంక చాలామటుకు నిలబడింది. ఈ రెండు వరదల మధ్య ఏట్లో నీళ్లు తగ్గలేదు, ఒడ్డున గోడ లేచింది. ప్రభుత్వాలు మారుతున్నా విడతలు విడతలుగా కట్టుకుంటూ వచ్చిన రిటైనింగ్ వాల్ అది. అవే రోజుల్లో ఊరికి రెండోవైపు బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగాయి. బుడమేరు కాలవను వెడల్పు చెయ్యాలన్న మాట ఏళ్ల తరబడి అందరి నోటా ఉన్నదే, పని మాత్రం పూర్తి కాలేదు. గోడ కట్టినవాళ్లకు వరద ఏ సంవత్సరం వస్తుందో తెలియదు. నీళ్లు ఎటునుంచి వస్తాయో తెలుసు, వాళ్లకు అది చాలింది.

మీ జీవితంలో కూడా తెలియనివాటి కంటే తెలిసినవే ఎక్కువ. ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లో అందరి వయసులూ ఒక వరసలో రాయండి. మీకు 28. నాన్నగారికి 58, అమ్మగారికి 52, చెల్లెలికి 23 అనుకుందాం. కింద ఐదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత, పదిహేనేళ్ల తర్వాత వయసులు రాయండి. పదేళ్లకు మీకు 38, నాన్నగారికి 68. అప్పటికి ఆయన రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, రాత్రిదాకా కౌంటర్లో నిలబడి, అరువు బాకీల కోసం లారీ ఓనర్ల చుట్టూ తిరగగలరా? పదిహేనేళ్లకు మీకు 43. ఈ మధ్యలో మీకు పెళ్లయి పిల్లలుంటే పెద్దపిల్ల ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతుంటుంది, ఇంకో మూడు నాలుగేళ్లలో ఇంటర్. ఆ ఖర్చు ఎంతుంటుందో విజయవాడలో ఏ కార్పొరేట్ కాలేజీ ఫీజు చూసినా అర్థమవుతుంది. ఇవేవీ జోస్యాలు కావు, కూడికలు. నేను అప్పు దరఖాస్తు చూసేటప్పుడు జీతం కంటే ముందు ఈ వయసుల లెక్కే చూసేవాణ్ని. ఈ ఒక్క కాగితం చూసుకుని నిర్ణయం మార్చుకున్న కుటుంబాలు నాకు చాలా తెలుసు. మిగతా సలహాలన్నీ వదిలేసినా ఈ ఆదివారం ఇదొక్కటి చెయ్యండి.

పదేళ్ల తర్వాత సంగతి ఎవరికి తెలుసులెండి అనేవాళ్లు ఇరవై ఏళ్ల గృహరుణం కాగితాల మీద సంతకాలు పెట్టడం నేను రోజూ చూశాను. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు సుమారు 34,700 రూపాయల వాయిదా. వడ్డీ రేటు మారకపోతే మొత్తం కట్టేది 83 లక్షల పైచిలుకు. ఆ సంతకంతో తర్వాతి ఇరవై ఏళ్లలో ఏ ఊళ్లో ఉండాలి, ఎంత జీతం కంటే తక్కువకు ఒప్పుకోకూడదు, ఎప్పుడు ఉద్యోగం మానకూడదు అన్నవన్నీ ఖాయమైపోతాయి. అంటే ప్రణాళిక ఉంది, కాకపోతే దాన్ని వేసింది వాళ్లు కాదు, ఆ నెలసరి వాయిదాయే. అలాగే కొందరికి కాలేజీ వేస్తుంది, కొందరికి నోటిఫికేషన్ వేస్తుంది, కొందరికి బంధువుల మాట వేస్తుంది. దీర్ఘకాలపు దారి లేని మనిషంటూ ఎవరూ ఉండరు. ఎవరు గీసిన దారి అన్నదే తేడా.

మనవాళ్లకు ముందుచూపు లేదని నేననను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఆ రెండింటికీ మన ఇళ్లలో జరిగే ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. ఆడపిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగానే చీటీ ఎత్తినప్పుడల్లా ఒక కాసో రెండు కాసులో బంగారం కొనిపెడతారు. వెండి సామాన్లు వేరుగా, చీరల డబ్బు వేరుగా. మరి అదే ఇంట్లో కొడుకు ముప్ఫై ఐదేళ్లపాటు ఏ పని చేస్తూ బతకాలన్న విషయం ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల చివరి రోజు రాత్రి, పక్కింటి అబ్బాయి పెట్టిన ఆప్షన్లు చూసి తేలిపోతుంది. పెళ్లికి పెట్టిన శ్రద్ధలో సగం పనికి పెట్టమనే నేను అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. దారి అనుకోవడం వల్ల ప్రయోజనం కష్టకాలంలో కనబడుతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అది ఎక్కువగా కనబడేది మంచి అవకాశాలు వచ్చినప్పుడు. చెడ్డ అవకాశాన్ని ఎవరైనా వద్దనగలరు. మనిషిని అటూ ఇటూ లాగేసి, నలభై ఐదేళ్లు వచ్చేసరికి ఏ ఒక్క పనిలోనూ లోతు లేకుండా చేసేవి మంచి అవకాశాలే.

గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే కుర్రాడు మా బ్రాంచిలో ఖాతాదారు. పన్నెండేళ్లలో తెనాలిలో సొంత ల్యాబ్ పెట్టాలన్నది అతని మాట. వచ్చినప్పుడల్లా అదే మాట. కొన్నాళ్లకు గల్ఫ్ నుంచి పిలుపొచ్చింది, ఇక్కడి జీతానికి మూడు రెట్లు. వెళ్లాడు, కానీ యంత్రాలకు కావలసిన పెట్టుబడి లెక్కగట్టుకుని, అది మూడేళ్లలో వస్తుందని తేల్చుకుని వెళ్లాడు. మూడేళ్లయ్యాక జీతం పెంచుతామని, ఇంకో ఐదేళ్లుండమని అడిగితే వచ్చేశాడు. అప్పటికి ఇక్కడ రాజధాని ఊపు. 2015లో తుళ్లూరు, మంగళగిరి వైపు ప్లాట్ల మాట తప్ప ఇంకో మాట లేదు. చేతిలో డబ్బుంది, స్నేహితులు వెంచర్‌లో భాగం ఇస్తామన్నారు. కాదన్నాడు. ధరలు పడతాయని కనిపెట్టి కాదు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వస్తుందని అప్పట్లో ఎవరికి తెలుసు? ఆ డబ్బు ల్యాబ్‌ది కాబట్టి కాదన్నాడు, అంతే. ల్యాబ్ పెట్టాడు, నడుస్తోంది. అతని కంటే తెలివైనవాళ్లు, ఎక్కువ సంపాదించినవాళ్లు మా బ్రాంచికి వచ్చేవారు. అతనిలా వచ్చిన ప్రతి అవకాశాన్నీ ఒకే ప్రశ్నతో కొలిచి, ఐదు నిమిషాల్లో అవునో కాదో చెప్పగలిగినవాళ్లు మాత్రం అరుదు.

అమరావతి గురించి మీరన్నారు కాబట్టి ఇంకో మాట. అప్పుడు ప్లాట్లు కొన్నవాళ్లలో రెండు రకాలను చూశాను. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని సొంత డబ్బుతో కొన్నవాళ్లు 2019 తర్వాత బాధపడ్డారు కానీ అమ్ముకోలేదు. ఆర్నెల్లలో రెట్టింపు చేసుకుందామని బంగారం తాకట్టు పెట్టి కొన్నవాళ్లు వడ్డీలు కట్టలేక అయినకాడికి వదిలించుకున్నారు. భూమి అదే, దెబ్బ అదే. ఎందుకు కొన్నామో తెలిసినవాళ్లు తట్టుకున్నారు.

దారి అంటే పదవి పేరు కాదని కూడా చెప్పాలి. మీ పక్కనే కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారిని చూడండి. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఇంజినీరింగ్ చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, ఇంగ్లండులో బర్మింగ్‌హాంలో డాక్టరేట్ చేసి, తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరయ్యారు. తర్వాత ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్, ఆ తర్వాత విజయవాడ నుంచి పార్లమెంటు, కేంద్రంలో నీటిపారుదల మంత్రి. ఊళ్లు మారాయి, దేశాలు మారాయి, ఉద్యోగం రాజకీయంగా మారింది. ఇంజినీరింగ్‌ను పట్టుకుని నీళ్ల దాకా వెళ్లారు, నీళ్లను మాత్రం ఎన్నడూ వదల్లేదు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన ఇరవై ఎనిమిదేళ్లప్పుడు నేను కేంద్రమంత్రినవుతాను అని రాసుకుని ఉంటారని నేననుకోను. అలాంటి గురి అవసరం కూడా లేదు. ఏ పనిలో ఏడాదికేడాది లోతు పెంచుకుంటాను, ఎవరికి పనికొస్తాను, ఏ ఊళ్లో ఉంటాను, దేన్ని వదులుకుంటాను. ఈ నాలుగింటికి జవాబుంటే దారి ఉన్నట్టే. నాలుగోది రాయడమే కష్టం. చాలామంది మొదటి మూడూ రాసి అక్కడ ఆగిపోతారు.

ఇక మీ ముందున్న మూడు దారులు.

గ్రూప్-2 సంగతి తేదీలతో చూడండి. 2018 డిసెంబరు చివర్లో ఒక నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ వచ్చింది 2023 డిసెంబరులో. దానికి ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి, మెయిన్స్ 2025 ఫిబ్రవరి. అంటే నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మధ్య ఐదేళ్లు, నోటిఫికేషన్ వచ్చాక మెయిన్స్ దాకా ఏడాదికి పైగా. ఈ లెక్క మీ వయసుల కాగితం మీద వేస్తే ఇంకో రెండు ప్రయత్నాలంటే నలభై దగ్గరికి వెళ్లే ప్రమాదముంది. రాయొద్దని నేననడం లేదు. ప్రభుత్వ సేవ మీద నిజమైన ఇష్టం ఉంటే గౌరవించదగ్గ దారి అది. కానీ ఎక్కడ ఆపాలో ఇప్పుడే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. ఫలితం వచ్చిన రోజు ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు, ఒక్క మార్కుతో పోయిందంటే ఇంకోసారి రాద్దామనే అనిపిస్తుంది.

దీన్ని నేను మిర్చి రైతుల దగ్గర నేర్చుకున్నాను. కోతలప్పుడే ఇన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులో అమ్మి అప్పులు తీర్చాలి, మిగిలినవి కోల్డ్ స్టోరేజీలో పెట్టి దసరాకు ఏ ధర ఉంటే ఆ ధరకు ఇచ్చెయ్యాలి అని ముందే అనుకున్న రైతు ఏ ఏడూ పూర్తిగా మునగలేదు. ఇంకాస్త పెరిగితే అమ్ముదామని కూర్చున్నవాళ్లు కొన్నేళ్లు బాగా లాభపడ్డారు, కాదనను. కానీ 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన తేజ రకం మిర్చి, 2025 ఫిబ్రవరి వచ్చేసరికి కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించి మార్కెట్ జోక్యం పథకం పెట్టాల్సినంతగా దిగింది. అద్దె, వడ్డీ పెరుగుతూ ధర తగ్గుతుంటే ఆ ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుందో దగ్గరినుంచి చూశాను. మీ వయసు కూడా నిలవ ఉంచితే ధర పెరిగేది కాదు.

హైదరాబాద్ కోర్సు గురించి క్లుప్తంగా చెబుతాను. మీ ప్రశ్నలో టెస్టింగ్ పని మీద ఇష్టం ఉన్నట్టు ఒక్క వాక్యం లేదు. అన్నయ్య రమ్మన్నాడని మాత్రమే ఉంది. అతను మీ మేలు కోరే చెబుతున్నాడు. అయినా ఇష్టం లేని పనిలో ఇరవై ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి, ఇరవై రెండేళ్ల పిల్లలతో పోటీపడటం తేలిక కాదు.

షాపు దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీరు దాన్ని దారిగా లెక్కే పెట్టలేదు. నాన్నకు సాయంగా వెళ్తున్నాను అని రాశారు. జవహర్ ఆటోనగర్‌లో ఇప్పుడు జరుగుతున్నది మీకు నాకంటే బాగా తెలియాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముడయ్యే బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం ప్రకారం చేసినవి. సెన్సర్లు, వైరింగు, స్కానర్ పెడితే గానీ లోపం బయటపడని ఇంజిన్లు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. చెవితో విని ఇంజిన్ రోగం చెప్పే పాత మేస్త్రీలు ఎంత గొప్పవాళ్లయినా ఈ బండ్ల దగ్గర తడబడుతున్నారు. రాబోయే పదిహేనేళ్లు పాత బండీ, కొత్త బండీ రెండూ రోడ్డు మీద ఉంటాయి. రెండూ తెలిసినవాడికి, లారీ ఓనర్ల నమ్మకం ఇప్పటికే ఉన్నవాడికి, అందులోనూ మెకానికల్ చదివినవాడికి అక్కడ ఎంత చోటుందో ఒక్కసారి ఆలోచించండి. మీ నాన్నగారు ముప్ఫై ఏళ్లు సంపాదించిన నమ్మకం ఏ బ్యాంకూ అప్పుగా ఇవ్వలేదు. వద్దనుకుంటే వదిలెయ్యండి, తప్పులేదు. చూడకుండా మాత్రం వదలొద్దు.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. మూడు దారుల్లోనూ నలభై ఐదేళ్ల వయసున్న మనిషిని ఒక్కొక్కర్ని వెతికి పట్టుకోండి. గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్‌గా చేరి ఇప్పుడు పైకి వెళ్లిన ఒకరు, హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్న ఒకరు, ఆటోనగర్‌లో తండ్రి షాపును రెట్టింపు చేసిన ఒకరు. జీతమెంత అని అడక్కండి. పోయిన మంగళవారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేశారో చెప్పమనండి. ఎవరి మంగళవారం విన్నప్పుడు మీకు అసూయ పుడుతుందో గమనించండి. మీరు బతకబోయేది ఆ మంగళవారాల్నే, పదవి పేరు గేటు మీద బోర్డుకే పనికొస్తుంది.

నచ్చిన దారిని వెంటనే పెళ్లాడెయ్యకండి. ఆర్నెల్లు పరీక్ష పెట్టండి. షాపే అయితే బీఎస్-6 డయాగ్నస్టిక్స్ మీద శిక్షణ తీసుకుని, పది మంది పాత ఖాతాదారులకు ఆ సేవ చేసి చూడండి. గ్రూప్-2 అయితే ఆర్నెల్లు షాపు పూర్తిగా మాని, రోజుకు పది గంటలు చదవగలరో లేదో చూడండి. పగలు ఒకటి, రాత్రి ఒకటిగా మూడేళ్లు నడిస్తే రెండూ సగం సగమే అవుతాయి. మీ అలసట అక్షరాల్లోనే తెలుస్తోంది.

రాసుకున్న కాగితాన్ని ఏటా ఉగాది నాడు తియ్యండి. ఆ రోజు ఎలాగూ పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వింటాం. తర్వాత ఓ గంట మీ కాగితంతో కూర్చోండి. ఏడాదిలో ఏం తేలింది, ఏం మారింది, దారి మార్చాలా, వేగం మార్చాలా? మార్చడం తప్పు కాదు. కరోనా వచ్చినప్పుడు మార్చుకోవాల్సి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు ఒకటి రాసుకుని ఉన్నవాళ్లు దేన్ని మారుస్తున్నారో తెలిసి మార్చారు. మిగతావాళ్లు ఎవరు ఏం చెబితే అది చేశారు, మళ్లీ ఏడాదికి ఇంకొకటి.

నాన్నగారి మాట గురించి. రాసిపెట్టిందే జరుగుతుందని ఆయన అనడంలో ఓదార్పు ఉంది. వరదలో ఇల్లు మునిగినప్పుడు ఆ మాటే ఆయన్ని నిలబెట్టి ఉంటుంది. దాంతో వాదించకండి. ఆయన విజయవాడ వచ్చి షాపు పెట్టినప్పుడు ఏమనుకుని పెట్టారో అడగండి. ఆటోనగర్‌లో ఆ సందే ఎందుకు, ఆ కంపెనీ సామానే ఎందుకు, అరువు ఎవరికివ్వాలో ఎలా తేల్చుకున్నారో అడగండి. ఆయన దారి ఆయన ఎంచుకున్నదేనని ఆ జవాబుల్లో మీకే వినబడుతుంది. వయసుల కాగితం కూడా ఆయన ముందే పెట్టండి. షాపు అరువు బాకీలెన్ని, సరుకు విలువెంత, అప్పులెంత అన్న లెక్క ఆయన నోటితో చెప్పించుకుని రాసుకోండి. చాలా ఇళ్లలో కొడుకులకు ఈ లెక్క తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

డబ్బు విషయంలో ఒక్కటే. చెల్లెలి పెళ్లికి ఎంత అనుకుంటున్నారో ఆ మొత్తాన్ని ముందు విడిగా తీసి పక్కనపెట్టండి. మీ ప్రయత్నానికి ఆర్నెల్ల ఇంటిఖర్చు ఇంకో ఖాతాలో. ఈ రెండూ పోగా మిగిలినదే మీ దారి మీద పెట్టగల పెట్టుబడి. అది తేలేదాకా హైదరాబాద్ కోర్సుకు అడ్వాన్సు కట్టకండి, సీట్లు అయిపోతున్నాయని ఎవరు ఫోన్ చేసినా సరే. లెక్క తేలాక, ఆ మూడు మంగళవారాలూ విన్నాక మళ్లీ రాయండి. షాపు వైపు మొగ్గితే ఏ రుణం అడగాలో, కాగితాలు ఎలా పెట్టుకోవాలో వివరంగా చెబుతాను.